నైస్ మైనస్ 20 పెట్టినా బెంచ్‌మార్క్ అంకెలు ఎందుకు కుదురుగా రావడం లేదు?

అలల_అంచు | పోస్ట్ 1

ఒక కంప్రెషన్ ప్రోగ్రామ్‌కి పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ పోల్చాలి. ఒకే థ్రెడ్‌తో నడుస్తుంది, ఒక రన్‌కి సుమారు 4 సెకన్లు. అవుట్‌పుట్ ఫైల్ హోమ్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పడుతుంది. లాప్‌టాప్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు, ఉబుంటు 24.04, డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంది.

వరసగా 10 రన్‌లు తీస్తే మొదటి ఏడూ దగ్గరదగ్గరగా వస్తాయి. తర్వాతి మూడూ 8 నుంచి 10 శాతం నెమ్మది. వెతుకుతున్న తేడా 3 శాతమే కాబట్టి ఈ అంకెలతో ఏమీ తేల్చలేం. సూడోతో నైస్ (ప్రోగ్రామ్ ప్రయారిటీ అంకె, తగ్గేకొద్దీ ప్రయారిటీ పెరుగుతుంది) మైనస్ 20 ఇచ్చినా మార్పు లేదు. టాప్ కమాండ్‌లో చూస్తే 5 శాతం దాటిన ప్రాసెస్ ఒక్కటీ కనబడదు. ప్రయారిటీ అంతకన్నా పెంచే దారి ఉందా?

కోర్_కాపరి | పోస్ట్ 2

ప్రయారిటీ పెంచే ముందు, అసలు మీ ప్రోగ్రామ్ కోర్ కోసం వరసలో నిలబడుతోందా లేదా చూడాలి. నైస్ చేసే పని ఒక్కటే. ఒకే కోర్ కోసం ఇద్దరు పోటీపడితే ఎవరికి ఎంత వాటా అన్నది తేలుస్తుంది. లైనక్స్‌లో నైస్ 0 బరువు 1024, నైస్ 19 బరువు 15, నైస్ మైనస్ 20 బరువు 88761. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య సుమారు 1.25 రెట్లు. నైస్ 0, నైస్ 1 ఒకే కోర్ మీద కొట్టుకుంటే 55.5, 44.5 శాతాలుగా పంచుకుంటాయి. 2007లో 2.6.23 కెర్నల్‌తో సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ (ఎవరికి కోర్ ఎప్పుడివ్వాలో తేల్చే కెర్నల్ భాగం) వచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క. 2023లో 6.6 నుంచి దాని స్థానంలో ఈఈవీడీఎఫ్ వచ్చినా ఈ బరువుల పట్టిక మారలేదు. 24.04 మొదట వచ్చిందే 6.8తో కాబట్టి మీది ఈఈవీడీఎఫ్.

పోటీయే లేకపోతే బరువు ఎంత ఉన్నా ఒరిగేది లేదు. కొలిచి చూడండి. /ప్రాక్/సెల్ఫ్/షెడ్‌స్టాట్ ఫైల్‌లో మూడు అంకెలుంటాయి. మొదటిది కోర్ మీద గడిపిన నానోసెకన్లు, రెండోది సిద్ధంగా ఉండి కూడా కోర్ దొరక్క వరసలో గడిపిన నానోసెకన్లు, మూడోది ఎన్నిసార్లు కోర్ ఎక్కిందో. ప్రాసెస్ ముగిస్తే ఆ ఫైల్ పోతుంది కాబట్టి ప్రోగ్రామ్ చివర్లో, ఎగ్జిట్‌కి ముందు చదివి ఎర్రర్ స్ట్రీమ్‌కి రాయించండి. ఉదాహరణకి 4021135207 3120044 58 అని వచ్చిందనుకోండి. 4.02 సెకన్లు కోర్ మీద ఉంది, వరసలో పోయింది 3.1 మిల్లీసెకన్లు. అంటే 0.08 శాతం. నైస్ ఎంత పెంచినా తిరిగి రాగలిగేది ఆ 0.08 శాతమే.

అలల_అంచు | పోస్ట్ 3

చూశాను. నెమ్మదైన రన్‌లలో కూడా రెండో అంకె 5 మిల్లీసెకన్లు దాటలేదు. పెరిగింది మొదటి అంకే. అంటే కోర్ చేతిలో ఉండి కూడా అదే పనికి ఎక్కువ సమయం పడుతోంది. ఇదెలా?

పిన్నీసు | పోస్ట్ 4

మీకు 4 కోర్లు, 8 థ్రెడ్లు అన్నారు. చిక్కు అక్కడ ఉండొచ్చు.

షెడ్యూలర్ కంటికి ఎనిమిది సీపీయూలు కనబడతాయి. కానీ రెండేసి సీపీయూలు ఒకే భౌతిక కోర్‌ని పంచుకుంటాయి. మీ ప్రోగ్రామ్ సీపీయూ 3 మీద నైస్ మైనస్ 20తో ఉందనుకోండి. దాని జోడీ సీపీయూ 7 మీద ఒక ఇండెక్సర్ (వెతకడానికి ఫైళ్ల జాబితా తయారుచేసే ప్రోగ్రామ్) నైస్ 19తో ఉందనుకోండి. సీపీయూ 7 వరసలో ఆ ఇండెక్సర్ ఒక్కటే కాబట్టి దానికి పోటీ లేదు, పూర్తి వేగంతో నడుస్తుంది. లోపల ఎగ్జిక్యూషన్ యూనిట్లు, మొదటి రెండు లెవెళ్ల క్యాష్ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. నైస్ అంకె సిలికాన్ దాకా వెళ్లదు. శీఘ్ర దర్శనం టికెట్ కొంటే క్యూలో నిలబడే సమయం తగ్గుతుంది గానీ గర్భగుడి ముందు తోపులాట తగ్గదు కదండీ, అలాగే.

చేయాల్సింది:

సీపీయూ 3 జోడీ ఎవరో /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ3/టోపాలజీ ఫోల్డర్‌లోని థ్రెడ్_సిబ్లింగ్స్_లిస్ట్ ఫైల్‌లో చూడండి. 3,7 అని రావచ్చు, 2-3 అని రావచ్చు, మెషీన్‌ని బట్టి మారుతుంది. ఊహించి వేయకండి. జోడీ సీపీయూ ఫోల్డర్‌లోని ఆన్‌లైన్ ఫైల్‌లో 0 రాస్తే అది పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత టాస్క్‌సెట్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌ని సీపీయూ 3కి కట్టేయండి. సీపీయూ 0ని వదిలేయండి, చాలా మెషీన్లలో ఇంటరప్ట్‌లు, చిల్లర పనులు ఎక్కువగా దాని మీదికే వస్తాయి.

రావిచెట్టు | పోస్ట్ 5

ఇంత తతంగం ఎందుకు? సీహెచ్ఆర్‌టీ కమాండ్‌తో షెడ్ ఫైఫో 99 (రియల్‌టైమ్ ప్రయారిటీల్లో అత్యధికం) పెట్టేస్తే కోర్ మొత్తం మనదే అవుతుంది కదా.

కోర్_కాపరి | పోస్ట్ 6

రావిచెట్టు గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఈ కేసులో అది నేరుగా నష్టం చేస్తుంది.

షెడ్_ఆర్‌టీ_పీరియడ్_యూఎస్ 1000000, షెడ్_ఆర్‌టీ_రన్‌టైమ్_యూఎస్ 950000. ఇవి రెండు కెర్నల్ సెట్టింగుల డీఫాల్ట్ విలువలు, మైక్రోసెకన్లలో. రియల్‌టైమ్ పని ఏదైనా ప్రతి సెకనుకీ 0.95 సెకన్లే నడవగలదు, మిగిలిన 50 మిల్లీసెకన్లు కెర్నల్ దాన్ని ఆపేస్తుంది. 6.8లో అయితే ఆ 50 మిల్లీసెకన్లలో వేరే పని ఏదీ లేకపోయినా కోర్ ఖాళీగానే కూర్చుంటుంది. 4 సెకన్ల పని 4.2 సెకన్లవుతుంది. 3 శాతం తేడా వెతికేవాళ్లు 5 శాతం తప్పును చేజేతులా తెచ్చుకున్నట్టు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘ఆర్‌టీ థ్రాట్లింగ్ యాక్టివేటెడ్’ అని ఒక లైన్ పడుతుంది, అదీ మొదటిసారి మాత్రమే. 6.12 నుంచి పద్ధతి మారింది. మామూలు పనులు ఆకలితో ఎదురుచూస్తుంటేనే వాటికి ఆ వాటా ఇస్తారు.

రన్‌టైమ్‌లో మైనస్ 1 రాసి ఆ పరిమితి తీసేస్తే ఇంకో ప్రమాదం. ఆ కోర్‌కి కట్టిన కెవర్కర్లు (కెర్నల్ సొంత పనులు చేసే థ్రెడ్లు), ఆర్‌సీయూ అనే కెర్నల్ లోపలి పనులు ఆగిపోతాయి. మీ ప్రోగ్రామ్ డిస్క్ మీద ఆధారపడి ఉంటే, తనకి డేటా అందించే కెర్నల్ థ్రెడ్‌నే తను తొక్కిపెట్టి తను కూడా ఆగిపోతుంది. ప్రీఎంప్ట్ ఆర్‌టీ (రియల్‌టైమ్ పనుల కోసం మలిచిన) కెర్నల్‌లో ఇంటరప్ట్ థ్రెడ్ల డీఫాల్ట్ ప్రయారిటీ 50, 99 దాన్ని కూడా తొక్కేస్తుంది. ఫైఫో ఉన్నది ఆడియో, మోటార్ కంట్రోల్ లాంటి పనుల కోసం. కాసేపు లేచి, పని చేసి, మళ్లీ పడుకునేవాటికి అది సరిపోతుంది.

తూకంరాళ్లు | పోస్ట్ 7

అందరూ షెడ్యూలర్ చుట్టూ తిరుగుతున్నారు. మొదటి పోస్ట్‌లో ఉన్న అసలు ఆధారాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నెమ్మదైనవి ఏవో మూడు కావు, *చివరి* మూడు. శబ్దం యాదృచ్ఛికమైతే అలా ఒకచోట గుంపుగా పడదు. ఏడు రన్‌లంటే 28 సెకన్లు. కాబట్టి 28, 30 సెకన్ల దగ్గర ఏం జరుగుతుందో వెతకాలి. నాకు తెలిసినవి రెండున్నాయి.

ఒకటి రైట్‌బ్యాక్. ప్రోగ్రామ్ రాసిన అవుట్‌పుట్ వెంటనే డిస్క్‌కి పోదు, మెమరీలో డర్టీ పేజీలుగా ఉంటుంది. వీఎం డర్టీ_ఎక్స్‌పైర్_సెంటీసెక్స్ డీఫాల్ట్ 3000, అంటే 30 సెకన్లు. ఫ్లషర్ అనే కెర్నల్ థ్రెడ్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన పేజీలను డిస్క్‌కి తోస్తుంది. అంటే మొదటి రన్ రాసిన డేటా ఎనిమిదో రన్ నెత్తిన పడుతుంది. మీ డిస్క్ ఎన్‌క్రిప్టెడ్ కాబట్టి, రాసే ప్రతి బ్లాక్‌నీ ఏదో ఒక కోర్ మీద గుప్తీకరించాల్సిందే. ఆ పని కెవర్కర్, డీఎంక్రిప్ట్ పేర్ల కింద చిన్నచిన్న ముక్కలుగా చాలా థ్రెడ్లలో చెదిరిపోతుంది. టాప్‌లో 5 శాతం దాటినది కనబడకపోవడానికి అదొక కారణం కావచ్చు.

రెండోది పవర్ పరిమితి. ఇంటెల్ లాప్‌టాప్‌లలో టర్బో (ప్రాసెసర్ వేగాన్ని తాత్కాలికంగా పెంచే ఏర్పాటు) కాసేపు ఎక్కువ వాట్లు తాగనిచ్చి తర్వాత తగ్గిస్తుంది. ఆ కిటికీ, అంటే ఆ వ్యవధి, చాలా మెషీన్లలో 28 సెకన్లు, తయారీదారులు దాన్ని మారుస్తుంటారు. /సిస్/క్లాస్/పవర్‌క్యాప్ కింద ఇంటెల్-ఆర్‌ఏపీఎల్:0 ఫోల్డర్‌లో కన్‌స్ట్రెయింట్_0_టైమ్_విండో_యూఎస్ చదవండి. 28 సెకన్లయితే 27983872 అని ఉంటుంది.

రెంటినీ విడదీసే పరీక్ష తేలిక. అవుట్‌పుట్‌ని /డెవ్/నల్‌కి (రాసినదాన్ని ఎక్కడా దాచకుండా పారేసే చోటు) పంపి మళ్లీ 10 రన్‌లు తీయండి. చివరి మూడూ సర్దుకుంటే రైట్‌బ్యాక్. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే టర్బో, లేదా వేడి.

పిన్నీసు | పోస్ట్ 8

చాలా బాగా పట్టారు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ గురించి ఒక మాట కలుపుతాను. 24.04లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ట్రాకర్ ఇండెక్సర్ డీఫాల్ట్‌గా ఆ ఫోల్డర్‌ని కనిపెట్టుకుని ఉంటుంది. అక్కడ కొత్త ఫైల్ పడగానే లేస్తుంది. అంటే కొలత మొదలైన క్షణానే బ్యాక్‌గ్రౌండ్ పనిని మనమే నిద్ర లేపుతున్నాం. కొలతకి ముందు టాప్‌లో అంతా ప్రశాంతంగా కనబడటం దేనికీ రుజువు కాదు.

అలల_అంచు | పోస్ట్ 9

నల్‌కి పంపితే పదీ ఒకే తీరుగా వచ్చాయి. చివరి మూడింటి తేడా పోయింది. మళ్లీ ఫైల్‌కే రాస్తూ, హైపర్‌ఫైన్ అనే బెంచ్‌మార్క్ టూల్‌లో ప్రతి రన్‌కి ముందు ప్రిపేర్ ఆప్షన్‌తో సింక్ కమాండ్ (మెమరీలో ఉన్న రాతలను డిస్క్‌కి తోసేది) పెట్టినా సర్దుకున్నాయి. పవర్ కిటికీ 27983872 అనే చూపిస్తోంది, కానీ ఇక్కడ కారణం అది కాదన్నమాట.

తూకంరాళ్లు | పోస్ట్ 10

ఒక్క థ్రెడ్‌తో ఆ వాట్ల పరిమితి తగలకపోయి ఉండొచ్చు. ఎనిమిది థ్రెడ్లతో నడిపితే తగిలే అవకాశం ఎక్కువ. రాసింది డిస్క్‌కి చేరే ఖర్చు కూడా మీ కొలతలో భాగమైతే దాన్ని దాచకండి. రన్ లోపలే ఎఫ్‌సింక్ (ఆ ఫైల్‌ని డిస్క్‌కి చేర్చే పిలుపు) చేయించి, ప్రతి రన్ తన ఖర్చు తనే మోసేలా చూడండి. పాత రన్ అప్పు కొత్త రన్ మీద పడకూడదు, అంతే.

ఇంకొకటి. పాత వెర్షన్ పది రన్‌లు, తర్వాత కొత్త వెర్షన్ పది రన్‌లు అని తీయకండి. మొదటి పోస్ట్‌లోని పద్ధతిలో అలా చేసి ఉంటే రైట్‌బ్యాక్ భారం ఎక్కువ భాగం కొత్త వెర్షన్ నెత్తిన పడి, బాగున్న మార్పును పారేసేవాళ్లు. పాత, కొత్త, కొత్త, పాత అని కలిపి నడపండి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో గది వేడెక్కే కొద్దీ ఫ్రీక్వెన్సీ జారినా, కలిపి నడిపితే ఆ జారుడు ఇద్దరికీ సమానంగా పడుతుంది. కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారిన రన్‌లను మాత్రం మొత్తంగా తీసేయాలి. పవర్ ప్రొఫైల్ మారితే అది వేరే మెషీన్ కిందే లెక్క.

సగటు కన్నా మధ్యగతం మేలు. ఒకే థ్రెడ్ లెక్కల పనికైతే కనిష్ఠాన్నీ పక్కన రాయండి. బయటి శబ్దం సమయాన్ని పెంచుతుందే గానీ దాదాపు ఎప్పుడూ తగ్గించదు.

గట్టుమీద | పోస్ట్ 11

కోర్_కాపరి గారికి ఒక ప్రశ్న. ఒక టెర్మినల్‌లో బిల్డ్‌ని నైస్ 19తో, ఇంకో టెర్మినల్‌లో బెంచ్‌మార్క్‌ని నైస్ 0తో ఒకే సీపీయూకి కట్టేసి నడిపితే సగం సగం పంచుకుంటున్నాయి. 1024కి 15 అన్నారు కదా?

కోర్_కాపరి | పోస్ట్ 12

ఆటోగ్రూప్. 2011లో 2.6.38తో వచ్చింది. ఒక్కో టెర్మినల్ సెషన్ ఒక గుంపు అవుతుంది. షెడ్యూలర్ ముందు గుంపుల మధ్య సమానంగా పంచి, తర్వాతే గుంపు లోపల నైస్ చూస్తుంది. రెండు టెర్మినళ్లంటే రెండు గుంపులు, కాబట్టి చెరి సగం. /ప్రాక్/సిస్/కెర్నల్/షెడ్_ఆటోగ్రూప్_ఎనేబుల్డ్‌లో 1 ఉందేమో చూడండి. 0 రాస్తే ఆగిపోతుంది. గుంపుకే నైస్ ఇవ్వాలంటే /ప్రాక్/పీఐడీ/ఆటోగ్రూప్ ఫైల్‌లో రాయాలి.

సీగ్రూప్‌లలో (ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి వనరులు పంచే కెర్నల్ ఏర్పాటు) సీపీయూ కంట్రోలర్ ఆన్‌లో ఉన్నా ఇదే సూత్రం. అక్కడ గుంపుల మధ్య నడిచేది సీపీయూ.వెయిట్, డీఫాల్ట్ 100, పరిధి 1 నుంచి 10000. ప్రాసెస్ ఏ గుంపులో ఉందో చూడకుండా నైస్ గురించి వాదించుకోవడం వృథా.

మబ్బుల్లో_మెషీన్ | పోస్ట్ 13

కంటైనర్లలో కొలిచేవాళ్ల కోసం. కంటైనర్‌కి 1.5 సీపీయూ పరిమితి ఇచ్చారనుకోండి. ప్రతి 100 మిల్లీసెకన్ల కాలానికి 150 మిల్లీసెకన్ల సీపీయూ సమయం అని అర్థం. లోపల 8 థ్రెడ్లు ఒక్కసారిగా లేస్తే ఆ కోటా 18.75 మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగతా 81 మిల్లీసెకన్లు అందరూ ఆగిపోతారు, హోస్ట్‌లో మిగతా కోర్లు ఖాళీగా ఉన్నా సరే. సగటు బాగానే ఉండి 99వ పర్సెంటైల్ ఆలస్యం మాత్రం విపరీతంగా ఉంటే ముందు దాని సీగ్రూప్‌లోని సీపీయూ.స్టాట్ ఫైల్‌లో ఎన్ఆర్_థ్రాటిల్డ్, థ్రాటిల్డ్_యూసెక్ చూడండి. కొలతకి ముందోసారి, తర్వాతోసారి చదివి తేడా తీయాలి.

క్లౌడ్ వీఎం (వర్చువల్ మెషీన్) అయితే టాప్‌లో ఎస్‌టీ అనే గడి చూడండి. పక్కవాడి వీఎం మీ కోర్‌ని వాడుకున్న సమయం అది. లోపల మీరు ఏ ప్రయారిటీ పెట్టినా వీఎంలను నడిపే హైపర్‌వైజర్‌కి తెలియదు.

పిన్నీసు | పోస్ట్ 14

కోర్లను వేరు చేసే వాళ్లకి ఒక హెచ్చరిక. ఐసోల్‌సీపీయూస్ బూట్ పారామీటర్‌తో 2 నుంచి 5 దాకా పక్కన పెట్టి, నాలుగు థ్రెడ్ల ప్రోగ్రామ్‌ని టాస్క్‌సెట్‌తో 2-5కి కడితే, నాలుగూ ఒకే కోర్ మీద కుప్పపడతాయి. వేరు చేసిన కోర్ల మధ్య లోడ్ బ్యాలెన్సింగ్ ఉండదు. ఒక్కో థ్రెడ్‌నీ ఒక్కో కోర్‌కి విడిగా కట్టాలి. లేదా ఐసోల్‌సీపీయూస్ వదిలేసి, సిస్టమ్‌డీలో సిస్టమ్ స్లైస్‌కీ, యూజర్ స్లైస్‌కీ (సర్వీసుల గుంపు, యూజర్ ప్రోగ్రామ్‌ల గుంపు) అలౌడ్‌సీపీయూస్ 0-1 అని రన్‌టైమ్‌లో ఇచ్చి, బెంచ్‌మార్క్‌ని వేరే స్లైస్‌లో నడపండి. బ్యాలెన్సింగ్ ఉంటుంది, రీబూట్ అక్కర్లేదు.

ఒకే కోర్‌కి కట్టేసేటప్పుడు ప్రోగ్రామింగ్ భాష రన్‌టైమ్ దాన్ని ఎలా చూస్తుందో కూడా ముఖ్యం. పైథాన్‌లో ఓఎస్.సీపీయూ_కౌంట్ అఫినిటీని (ఏ సీపీయూలకి కట్టామన్నదాన్ని) పట్టించుకోదు, 8 అనే చెప్తుంది. దాన్ని నమ్మి 8 వర్కర్లు పెట్టే ప్రోగ్రామ్ ఒక్క కోర్ మీద ఎనిమిదింటిని తిప్పుతుంది. జావా అఫినిటీని గౌరవిస్తుంది. కానీ చాలా వెర్షన్లలో ఒక్క సీపీయూ కనబడితే జీ1 వదిలేసి సీరియల్ గార్బేజ్ కలెక్టర్‌కి (వాడని మెమరీని ఏరేసే భాగం) మారిపోతుంది. మీరు కొలిచేది ప్రొడక్షన్‌లో నడిచే ప్రోగ్రామ్‌ని కానే కాదు అప్పుడు.

డేటాదిబ్బ | పోస్ట్ 15

బ్యాక్‌గ్రౌండ్ అంటే బయటిదే అనుకుంటున్నారు అందరూ. డేటాబేస్‌లో అది లోపలే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చెక్‌పాయింట్ (మెమరీలో మారిన పేజీలను డిస్క్‌కి రాసే ఘట్టం) వ్యవధి చెక్‌పాయింట్_టైమౌట్, డీఫాల్ట్ 5 నిమిషాలు. దాని బెంచ్‌మార్క్ టూల్ పీజీబెంచ్‌ని 60 సెకన్లు నడిపితే చెక్‌పాయింట్ తగలొచ్చు, తగలకపోవచ్చు. తగిలితే ఆ తర్వాత మొదటిసారి మారే ప్రతి పేజీనీ మొత్తంగా లాగ్‌లోకి రాయాలి కాబట్టి వేగం పడిపోతుంది. చెక్‌పాయింటర్‌ని, ఆటోవ్యాక్యూమ్‌ని (పనికిరాని పాత వరసలను శుభ్రం చేసేది) ఆపేసి కొలవడం నా దృష్టిలో తప్పు. ఆ ఖర్చు లేకుండా ఆ డేటాబేస్ ఎక్కడా నడవదు. కనీసం 30 నిమిషాలు నడిపి, అరడజను చెక్‌పాయింట్లు లోపల పడేలా చూడండి.

పీజీబెంచ్‌కి నైస్ తగ్గించి ప్రయారిటీ ఇవ్వడం కూడా చూశాను. అది క్లయింట్ మాత్రమే, పని చేసేది సర్వర్ ప్రాసెస్. ఒకే మెషీన్‌లో ఉంటే క్లయింట్‌కి ఇచ్చిన వాటా సర్వర్ నుంచి లాక్కున్నదే. క్లయింట్‌ని వేరే మెషీన్‌లో పెట్టండి.

కిటికీరెక్క | పోస్ట్ 16

విండోస్ సంగతి క్లుప్తంగా. స్టార్ట్ కమాండ్‌తో రియల్‌టైమ్ ప్రయారిటీ అడిగితే, అడ్మిన్ హక్కు లేనప్పుడు ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా హై మాత్రమే ఇస్తుంది. బేస్ ప్రయారిటీ 24కి బదులు 13. టాస్క్ మేనేజర్‌లో చూసి నిర్ధారించుకోండి. డిఫెండర్ యాంటీవైరస్ ప్రతి ఫైల్ తెరిచినప్పుడూ స్కాన్ చేస్తుంది, ఆ ఆలస్యం మీ ప్రోగ్రామ్ ఖాతాలోనే పడుతుంది. చిన్న ఫైళ్లు వేలల్లో తెరిచే పని అయితే దాని ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొలిచి రెండూ చెప్పండి. రెండు రకాల కోర్లున్న ప్రాసెసర్లలో కన్సోల్ విండోని మినిమైజ్ చేయకండి, పని చిన్న కోర్ల మీదికి జారే అవకాశం ఉంది.

అలల_అంచు | పోస్ట్ 17

ఇప్పుడు అనుకున్న క్రమం ఇది. ఏసీ పవర్ మీద, ఫ్రీక్వెన్సీ గవర్నర్ పెర్ఫార్మెన్స్‌లో, జోడీ సీపీయూ ఆఫ్, సీపీయూ 3కి టాస్క్‌సెట్, నైస్ 0. అవుట్‌పుట్ /డెవ్/ఎస్‌హెచ్ఎమ్‌లోకి (మెమరీలోనే ఉండే ఫోల్డర్), ప్రతి రన్‌కి ముందు సింక్, 3 వార్మప్‌లు, పాతా కొత్తా కలిపి చెరో 30 రన్‌లు. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ చూసి ఏపీటీ-డైలీ, ఏపీటీ-డైలీ-అప్‌గ్రేడ్, ఎఫ్‌స్ట్రిమ్, మ్యాన్-డీబీ టైమర్లు (వాటంతట అవి మొదలయ్యే బ్యాక్‌గ్రౌండ్ పనులు) ఆపాలి. షెడ్‌స్టాట్ రెండో అంకెని ప్రతి రన్ పక్కనా రాస్తాను. ఏమైనా వదిలేశానా?

కోర్_కాపరి | పోస్ట్ 18

నైస్ 0 సరైన నిర్ణయం. టైమర్ ఆపితే అప్పటికే మొదలైన సర్వీస్ ఆగదు, ఏపీటీ-డైలీ-అప్‌గ్రేడ్ సర్వీస్ నడుస్తోందేమో వేరుగా చూడండి. టర్బోని కూడా ఆపితే స్థిరత్వం ఇంకా పెరుగుతుంది. ఇంటెల్_పీస్టేట్ ఫోల్డర్‌లో నో_టర్బో ఫైల్‌లో 1 రాయాలి. అసలు సెకన్లు పెరుగుతాయి గానీ పోలిక మెరుగవుతుంది. షెడ్‌స్టాట్ రెండో అంకె మొత్తంలో 0.5 శాతం దాటిన రన్‌ని అనుమానించండి, కానీ చెప్పకుండా తీసేయకండి.

అంతా అయ్యాక జోడీ సీపీయూ ఆన్‌లైన్ ఫైల్‌లో 1, నో_టర్బోలో 0 తిరిగి రాయండి. ఏపీటీ టైమర్లను మళ్లీ స్టార్ట్ చేయండి. లాప్‌టాప్‌ని వారాల తరబడి రీబూట్ చేయకుండా మూసి తెరిచే అలవాటుంటే, ఆపిన టైమర్ ఆగిపోయే ఉంటుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవి రావు.